ముందు మరచిపొమ్మనాలి

ఆ రోజు ఇంట్లో ఉన్నది వీళ్ళు: వీధివైపు గదిలో తలుపు వేసుకుని మీటింగులో వదిన, రాత్రి డ్యూటీ చేసొచ్చి వెనక గదిలో ముసుగుతన్ని పడుకున్న అన్నయ్య, హాల్లో చాప మీద ప్లాస్టిక్ గిన్నెల్ని ఒకదాంట్లో ఒకటి దూరుస్తున్న బుజ్జిగాడు, స్నానాలగదిలో కుళాయి విప్పుకుని కూర్చున్న ప్లంబరు, భోజనాల బల్ల దగ్గర వదిన పాత ల్యాప్‌టాప్ ముందు అమ్మాయి.

అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చేదాకా పిల్లవాణ్ణి చూసుకోవడానికని ఊరినుంచి వచ్చింది. అలికిడి లేకుండా తిరుగుతుందని అన్నయ్య పిల్లి అని పేరు పెట్టాడు. ఇప్పుడు అందరికీ అదే అలవాటైపోయింది. బుజ్జిగాడికి వచ్చిన మాటల్లో మొదటిది ‘పాలు’, రెండోది ‘పిల్లీ’.

వదినది ఎక్కడో ఉన్న కంప్యూటర్లను ఇంట్లోంచి చూసుకునే పని. ఎవరికి ఏం కావాలో ఒక ఫైల్లో రాసిపెట్టేది. ఫలానా ఆఫీసుకి ఒక సర్వరు, ఫలానా బడికి ఫైళ్ళు దాచుకునే చోటు, అలా. నల్ల తెర మీద ఒక కమాండ్ కొడితే, దానికోసమే ఉన్న ఒక టూలు ఆ ఫైలునీ బయట నిజంగా ఉన్నవాటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకునేది. ఫైల్లో రాసి ఉండి బయట లేకపోతే కట్టేది. తన చేతికింద ఉన్నదేదైనా ఫైల్లో కనపడకపోతే కూల్చేది. కట్టబోయేవి ఆకుపచ్చ రంగులో, కూల్చబోయేవి ఎర్ర రంగులో ముందే చూపించి, కానిమ్మంటావా అని అడిగేది. ‘యస్’ అని టైపు చేస్తే తప్ప కదిలేది కాదు.

“మీ అన్నయ్యకి పూర్తిగా రివర్సు ఇది,” అంది వదిన నేర్పిన మొదటిరోజున. “చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఎందుకని అడగదు. అదే దీంతో తంటా.”

అప్పట్నుంచీ సాయంత్రాలు ఒక చిన్న పని అమ్మాయికి వచ్చింది. వదిన పగలు ప్రయోగాలకోసం కట్టుకున్న ఉత్తుత్తి మెషీన్లను పడుకునేముందు కూల్చెయ్యడం. ఫైల్లోంచి వాటి ముక్కలు తీసేసి, కమాండ్ కొట్టి, ఎర్ర గీతలు చూసి, ‘యస్’ అనడం. అంట్లు తోమి బోర్లించినట్టు ఉండేది ఆమెకు. తెర ఖాళీ అయ్యేసరికి మనసులో ఏదో తృప్తి. బడిలో దాహమేసినా చెయ్యెత్తి అడగని పిల్ల ‘యస్’ అంటే ఎక్కడో ఏదో కదిలేది.

ఆ పొద్దున వదిన జడ అల్లుకుంటూ, నోట్లో పిన్నులు పెట్టుకుని చెప్పింది. వదిన పనిచేసిపెట్టే గొంతుల సెంటరు వాళ్ళు వేరే కంపెనీకి మారుతున్నారు. వాళ్ళ ఫైళ్ళు దాచిన చోటు ఇకనుంచి ఆ కంపెనీది. అది ఉన్నచోట ఉన్నట్టే ఉండాలి, మన టూలు చేతికింద మాత్రం ఉండకూడదు.

“ముందు టూలుని దాన్ని మరచిపొమ్మనాలి. దానికో కమాండ్ ఉంది, నిన్న చూపించాను కదా. మరచిపోయాక ఫైల్లోంచి వాళ్ళ ముక్క తీసెయ్యి. తర్వాత రన్ చెయ్యి. బుజ్జిగాడికి పదకొండింటికి పాలు, అరటిపండు మెదిపి పెట్టు. మీ అన్నయ్యని లేపకు. అనుమానం వస్తే తలుపు కొట్టు. మీటింగులో ఉన్నా పర్లేదు, కొట్టు.”

వదిన గదిలోకి వెళ్ళీ వెళ్ళకముందే ప్లంబరు వచ్చాడు. అతనికి స్నానాలగది చూపించి, బకెట్లు బయట పెట్టి, బుజ్జిగాడి నోట్లోంచి రబ్బరు వాషరు తీసి, అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఫైలు తెరిచింది. గొంతుల సెంటరు ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో జాగ్రత్తగా చూసుకుంది. తీసేసింది. కమాండ్ కొట్టింది.

ఎర్ర గీతలు వచ్చాయి.

ఆమె చెయ్యి ఆగింది. కూల్చడం కాదుగా మనం చేస్తున్నది, ఎరుపెందుకు? లేచి వీధిగది తలుపు దాకా వెళ్ళింది. లోపల వదిన ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆ నవ్వు ఇంట్లో నవ్వే నవ్వు కాదు, కొంచెం పెద్దది. అమ్మాయి వేళ్ళు ముడిచి చెయ్యెత్తింది. ఆ నవ్వు మధ్యలో తన ముఖం ఎలా పెట్టడం? అందరూ తెరలోంచి తననే చూస్తారేమో. చెయ్యి దించేసింది.

“అమ్మాయ్, పాతగుడ్డ ఒకటియ్యవూ,” అని పిలిచాడు ప్లంబరు. “ఈ కుళాయికి నామీద పగుంది. మొహమంతా కడిగేసింది.”

గుడ్డ ఇచ్చి వచ్చింది. తెర మీద ప్రశ్న అలాగే నిలబడి ఉంది. మరచిపొమ్మని వదిన పొద్దున్నే చెప్పేసే ఉంటుంది, అనుకుంది. ముక్క తీస్తే రోజూ ఎర్ర గీతలే కదా వచ్చేది, అని కూడా అనుకుంది. టూలు మరచిపోయి ఉంటే ఎర్ర గీతలు రాకూడదు, ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని ఆమెకు లోలోపల తెలుసు. అయినా ‘యస్’ అని టైపు చేసింది. గీతలు ఒక్కొక్కటిగా పైకి జరిగిపోయాయి. పూర్తయిందని చెప్పింది టూలు.

మీటింగు అయ్యాక వదిన చెవుల్లోంచి వైర్లు తీసుకుంటూ బయటికి వచ్చింది.

“అయిందా పిల్లీ?”

“అయింది వదినా.”

“ముందు మరచిపొమ్మన్నావు కదా?”

అమ్మాయి తల ఊపింది. అబద్ధమాడాలని ఊపలేదు. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు తల ఊగుతుంది, ఆలోచన తర్వాత వస్తుంది.

“బంగారుతల్లివి,” అంది వదిన.

*

మర్నాడు పొద్దున ఫోను వచ్చినప్పుడు వదిన బుజ్జిగాడికి చొక్కా తొడుగుతోంది. ఒక చెయ్యి తొడిగింది, రెండోది అలాగే ఉండిపోయింది. “మొత్తమా?” అంది ఫోన్లో. “కాపీలు? అవీ అక్కడేనా పెట్టారు?” అంది. సగం చొక్కాతో పిల్లవాడు బల్లకిందికి పారిపోయాడు.

గొంతుల సెంటరులో ఏం దాస్తారో అమ్మాయికి ఆ పూట తెలిసింది. గొంతుకి ఆపరేషన్ చేస్తే కొందరికి మాట పూర్తిగా పోతుంది. అలాంటివాళ్ళని ఆపరేషన్‌కి ముందు కూర్చోబెట్టి, రోజుల తరబడి వాక్యాలు చదివించి, వాళ్ళ గొంతుని రికార్డు చేసి ఉంచుతారు. తర్వాత ఒక చిన్న యంత్రంలో ఆ మనిషి ఏం టైపు చేస్తే అది ఆ మనిషి గొంతుతోనే పలుకుతుంది. ఆపరేషన్ ఇంకా కానివాళ్ళు మళ్ళీ వచ్చి చదవొచ్చు. అయిపోయినవాళ్ళు ఉన్నారు.

వదిన ల్యాప్‌టాప్ తెరిచి నల్ల తెరలో పైకీ కిందికీ వెతికింది. అమ్మాయి పిల్లవాణ్ణి చంకనేసుకుని వెనకే నిలబడింది. వదిన చెయ్యి ఒకచోట ఆగింది. అక్కడే చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు తిరుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది, అనుకుంది అమ్మాయి. ఒక విధంగా ఎదురుచూసింది కూడా.

వదిన వెనక్కి తిరగలేదు. ల్యాప్‌టాప్ మూత మెల్లగా దించింది.

“కాస్త టీ పెట్టవా,” అంది.

టీ తీసుకెళ్ళేసరికి వీధిగది తలుపు వేసి ఉంది. లోపల్నుంచి వదిన గొంతు వినిపిస్తోంది. “మీ రికార్డింగ్ ఆయన నిన్న మధ్యాహ్నం పాత ఫైళ్ళు తీసేస్తున్నారన్నారు కదా. లేదండీ, నేనలా అనట్లేదు. అడుగుతున్నానంతే.”

అమ్మాయి కప్పు నేలమీద పెట్టి వచ్చేసింది. టీ చల్లారి పైన పొర కట్టింది.

రెండురోజులు ఇల్లంతా ఆ పొర కట్టినట్టే ఉంది. స్టోరేజీ ఇచ్చే కంపెనీకి రాశారు. కూల్చింది కూల్చినట్టే, వెనక్కి తేలేమని వాళ్ళు తిరిగి రాశారు. సాయంత్రం మెషీన్లు కూల్చే పని వదినే చేసుకుంటోంది. “నువ్వలసిపోయావులే,” అంది ఒకసారి, అమ్మాయి ముఖం చూడకుండా. అన్నయ్య మాత్రం మామూలుగానే ఉన్నాడు. “ఏంటి పిల్లీ, ఎలుక దొరకలేదా, మొహం వేలాడేశావు?” అన్నాడు. ఆమె నవ్వబోయింది, ముఖం సహకరించలేదు.

*

సెంటరులో మాట్లాడటానికి రమ్మంటే వదిన బుజ్జిగాణ్ణీ, వాణ్ణి ఎత్తుకోవడానికి అమ్మాయినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. నడవాలో ఒక బెంచీ, బెంచీ ఎదురుగా దళసరి తలుపున్న గది. ఓరగా తెరిచి ఉన్న ఆ తలుపు లోపలివైపు బూడిదరంగు స్పాంజి అంటించి ఉంది. వదిన పై అంతస్తుకి వెళ్ళింది. అమ్మాయి బెంచీ చివర కూర్చుంది.

అదే బెంచీ మీద ఒక పెద్దాయనా ఆయన భార్యా ఉన్నారు. ఆయన మెడచుట్టూ మెత్తటి రుమాలు, ఒళ్ళో పిల్లలు రాసుకునే పలక. బుజ్జిగాడు పలక మీదికి దూకబోతే ఆయన చాక్‌పీసుతో ఒక బస్సు బొమ్మ గీసి చూపించాడు. చక్రాలు గుండ్రంగా, కిటికీల్లో తలకాయలు.

“బస్సు కండక్టరు చేశారులే ఈయన,” అంది భార్య. “ఈయన అరిస్తే వీధి చివర బస్సులో ఉన్నారని మాకు ఇంట్లో తెలిసేది. కూర పొయ్యిమీద పెట్టేదాన్ని.”

కండక్టరు పలక తుడిచి ఏదో రాశాడు. భార్య చదివి ఆయన భుజం మీద చిన్నగా కొట్టింది. “ఇక నాదే రాజ్యమట. నలభయ్యేళ్ళు నోరెత్తనిచ్చారా నన్ను?”

నవ్వుతూనే ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు ఏడుపులోకి ఎక్కడ మారిందో అమ్మాయికి తెలియలేదు.

దళసరి తలుపు తెరుచుకుని రికార్డింగ్ ఆయన బయటికి వచ్చాడు. బక్కపల్చటి మనిషి, వయసు మీద పడింది. హెడ్‌ఫోన్లు మెడకు వేలాడుతున్నాయి. కండక్టరుని చూసి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. తర్వాత వచ్చి, బెంచీ మీద కూర్చోకుండా, ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“పాతవి తీసేటప్పుడు నా చెయ్యి ఎక్కడో పడింది,” అన్నాడు. ఆయన మాట ఎంత నెమ్మదంటే చెవి దగ్గరగా పెట్టి వినాలనిపిస్తుంది. “ఎక్కడ పడిందో ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రావట్లేదు. కళ్ళు మూసుకుని ఆ మధ్యాహ్నం అంతా మళ్ళీ నొక్కుతూ కూర్చుంటున్నాను. నా చేత్తోనే పోగొట్టానండీ మీ గొంతు.”

అమ్మాయి బుజ్జిగాణ్ణి గట్టిగా పట్టుకుంది. వాడు గింజుకున్నాడు.

“ఆఖరిరోజున చదవాల్సినవన్నీ అయిపోయాక స్టాపుల పేర్లన్నీ అరిచారు గుర్తుందా?” అన్నాడు రికార్డింగ్ ఆయన. “శబ్దం కొలిచే సూది అటు చివరికి కొట్టుకుంది. నేను హెడ్‌ఫోన్లు పీకేసి నవ్వాను. అది కూడా ఉంచాను, తీసెయ్యలేదు. ఉంచాననే అనుకున్నాను.”

కండక్టరు పలక మీద ఉన్నది మళ్ళీ తుడిచాడు. తర్వాత రాశాడు. రాసింది రికార్డింగ్ ఆయనవైపు తిప్పాడు. అమ్మాయికి పక్కనుంచి కనబడింది. ‘మీరు విన్నారుగా. చాలు.’

రికార్డింగ్ ఆయన ఆ పలకని రెండు చేతులతో పట్టుకుని అక్కడే తల వంచేశాడు. చెప్పెయ్యడానికి అదే సమయమని అమ్మాయికి తెలుసు. నోరు తెరిచింది. మెట్లమీద వదిన చెప్పుల చప్పుడు వినిపించింది.

“పద పిల్లీ, పద,” అంది వదిన, ఎవరినీ చూడకుండా.

*

ఆ సాయంత్రం వదిన ఆరేసిన బట్టలు మడతపెడుతోంది. అమ్మాయి పక్కన చేరి దుప్పటి అంచు అందుకుంది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని దులిపారు, మడత కలిపారు. దగ్గరికి వచ్చినప్పుడు అమ్మాయి చెప్పింది.

“వదినా, ఆ రోజు నేను మరచిపొమ్మనలేదు.”

వదిన ఆమె చేతుల్లోంచి దుప్పటి అంచులు తీసుకుంది.

“తెలుసు,” అంది.

అమ్మాయికి వెంటనే అర్థం కాలేదు.

“ఫోను వచ్చిన పూటే చూశాను. ఎప్పుడు కొట్టావో, ఏం కొట్టావో అన్నీ ఉంటాయి అందులో.” దుప్పటిని గుండెకి ఆనించి ఇంకో మడత పెట్టింది. “ఎవరి పేరున ఉంటాయనుకున్నావు? నా పేరున. వాళ్ళ కంప్యూటర్లకి నాకిచ్చిన తాళం నీ చేతికిచ్చాను. అది ఇంకెవరి చేతికీ ఇవ్వనని సంతకం పెట్టినదాన్ని. ఇది బయటపడితే ఈ పనే కాదు, ఇక ఏ పనీ దొరకదు నాకు.”

“మరి ఆ రికార్డింగ్ ఆయన...”

“ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. పెద్దవాడని ఊరుకున్నారు. పొరపాటన్నారు. ఆయనే ఒప్పుకున్నాడు, నేనేం అనిపించలేదు.”

“ఆయన చెయ్యలేదు కదా వదినా.”

“చెయ్యలేదు!” వదిన గొంతు పెరిగింది, వెనకగది వైపు చూసి తగ్గించింది. “నాకు నిద్ర పడుతోందనుకుంటున్నావా? కానీ చెబితే ఆ గొంతు వస్తుందా? రాదు. వచ్చేదయితే నేనే పరిగెత్తుకెళ్ళి చెప్పేదాన్ని. ఒక్కసారి తలుపు కొట్టమన్నాను నిన్ను. పర్లేదన్నాను. అడిగితే తల ఊపావు. ఇప్పుడూ అలాగే ఊరుకో. నీకిది చేతనైన పనే కదా.”

అన్నాక వదిన ముఖం మారింది. చెయ్యి చాపి అమ్మాయి చెవి వెనక జుట్టు సర్దబోయింది. అమ్మాయి తెలియకుండానే వెనక్కి జరిగింది. మడత పెట్టిన దుప్పటి ఇద్దరి మధ్యా మంచం మీద ఉంది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

*

బుజ్జిగాడి పాలసీసా మూత సెంటరు బెంచీ దగ్గర పడిపోయిందని చెప్పి అమ్మాయి మర్నాడు బయల్దేరింది. మూత నిజంగానే పోయింది. అది ఎక్కడ పోయిందో మాత్రం ఆమెకు తెలియదు. గుమ్మం దగ్గర వదిన ఆమెను చూసింది. మూతకోసం కాదని వదినకు అర్థమైందని అమ్మాయికి అర్థమైంది. వదిన ఆగమనలేదు, వెళ్ళమనలేదు. బుజ్జిగాణ్ణి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

దారంతా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. నడవాలోకి వచ్చేసరికి ఒక్కటీ లేదు. దళసరి తలుపు మూసి ఉంది. పైన ఎర్ర దీపం వెలుగుతోంది. ఆమె చెయ్యెత్తింది. వెనకటిలాగే చెయ్యి గాలిలో ఆగింది. కళ్ళు మూసుకుని కొట్టింది. స్పాంజి తలుపుకి చప్పుడే రాలేదు. పిడికిలితో కొట్టింది. అరచేత్తో బాదింది.

దీపం ఆరింది. రికార్డింగ్ ఆయన తలుపు తెరిచాడు. ఆయన వెనక మైకు ముందు ఒకావిడ కాగితం పట్టుకుని కూర్చుని ఉంది.

“ఏమ్మా? దీపం వెలుగుతుంటే కొట్టకూడదు.”

“మీరు కాదండీ,” అంది అమ్మాయి. “నేను.”

ఆయన బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. అమ్మాయి చెప్పింది. ఫైలు సంగతి, ఎర్ర గీతలు, వీధిగది తలుపు, ‘యస్’. వదిన సంతకం సంగతి చెప్పలేదు. తాళం ఎవరిదో మాత్రం దాచలేదు, దాచడానికి వీల్లేకపోయింది. మాటలు వెనకాముందూ అయ్యాయి. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. అలా వినడం ఆయనకు అలవాటు.

“పొద్దునా, మధ్యాహ్నమా?” అని అడిగాడు చివరికి.

“పొద్దునండీ. ఇంకా వాడికి పాలు పట్టలేదు.”

“నేను కూర్చుంది భోజనమయ్యాక,” అన్నాడాయన. తన కుడిచెయ్యి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. “అంటే నేను కూర్చునేసరికే లేదన్నమాట.”

ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. తిడతాడని అమ్మాయి అనుకుంది. తిడితే బాగుండుననుకుంది. ఇంకా లోపల్లోపల, చిన్నపిల్లవు పోనీలే అంటాడేమోనని కూడా ఒక ఆశ ఉంది. ఆ ఆశ ఉన్నందుకు ఆమెకు సిగ్గేసింది.

“ఆయన పలక మీద రాశాడే, చూశావుగా నువ్వు,” అన్నాడు. “పక్కనే ఉన్నావు.”

“చూశానండీ.”

“ఆ మాటతో నేను రాత్రి అన్నం తిన్నాను. మూడురోజుల తర్వాత. అది నాకివ్వాల్సింది కాదు కదా. దాన్ని నేనేం చేసుకోను ఇప్పుడు?”

అమ్మాయి తల ఊపబోయి, ఆపుకుంది.

“ఇక్కడి పెద్దవాళ్ళకి నువ్వు చెప్తావా, మీ వదిన చెప్తుందా, అది మీ ఇంటి సంగతి. నేను పైకి వెళ్ళి చెప్పను. కానీ ఆయనకి చెప్పాలి.” నడవా చివర ఉన్న గడియారం చూశాడు. “మెడకి డ్రెస్సింగు చేయించుకోవడానికి ఆయనా భార్యా వచ్చే వేళయింది. ఇక్కడే కూర్చో. నాకు చెప్పినట్టే చెప్పు. చెప్పి పారిపోకు. ఆయన రాయడానికి కాస్త టైము పడుతుంది. ఏం రాస్తాడో రాసేదాకా ఉండు.”

“మీరు కూడా ఉండండి,” అంది అమ్మాయి. ఆమె ఒకరిని ఏదైనా కావాలని అడగడం ఈ మధ్యకాలంలో అదే మొదలు.

ఆయన లేచాడు. ఆమెవైపు చూసిన చూపులో కోపం లేదు. జాలి కూడా లేదు.

“లోపల ఆవిడకి రేపే ఆపరేషన్,” అన్నాడు. “ఇంకా సగం వాక్యాలు మిగిలున్నాయి.”

హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. నడవా మొదట్లో మెట్లమీద ఇద్దరి అడుగులు వినిపించాయి. ఒకటి చెప్పులు ఈడ్చే నడక. అమ్మాయి వెనక్కి తిరిగి తలుపు సందులోకి చూసింది. లోపల మైకు ముందు ఆవిడ కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, బడిలో పిల్లలా గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చదువుతోంది.

“పాలు పొంగుతున్నాయి, ఎవరైనా వచ్చి—”

రికార్డింగ్ ఆయన తలుపు లాగి మూసేశాడు.